కాలి కింద కత్తికి సాన

కెనడాలోని ఎడ్మంటన్ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. "మా అబ్బాయి ఐస్ హాకీ ఆడతాడు. వాడి స్కేట్లకు సాన పట్టించడానికి దుకాణానికి తీసుకువెడితే, 'ఎంత పెట్టమంటారు?' అని అడుగుతున్నారు. నాకేం తెలుసు? 'మామూలుగా పెట్టండి' అని చెప్పి వచ్చేస్తున్నాను. కత్తిపీటకు సాన పట్టించినదాన్నే గాని, సానకు కొలతలు వుంటాయని ఎన్నడూ వినలేదు. ఇందులో తల్లి తెలుసుకోవలసింది ఏమైనా వుందా?" అని వారి ప్రశ్న.

వుందమ్మా, చాలా వుంది. ఈ ఉత్తరం మూడేళ్ల కిందట వచ్చివుంటే నేనూ చేతులెత్తేసేదాన్ని. ఆ తరువాత ఒక చలికాలమంతా టొరంటో దగ్గర మా అమ్మాయి యింట్లో గడిపాను. మా మనుమడి మూలంగా యీ విద్య నాలుగు ముక్కలు వంటబట్టింది. ఊరికే వంటబట్టలేదు, వాడి కన్నీళ్లు ఖర్చయ్యాక వంటబట్టింది.

ఆ దేశంలో హాకీ అంటే మన యిళ్లలో క్రికెట్టు లాగే. 1875 మార్చి 3వ తేదీన మాంట్రియల్ నగరంలో విక్టోరియా స్కేటింగ్ రింకు కప్పు కింద ఆడిన ఆట మొదలు, పిల్లలకు నడక వచ్చీ రాకుండానే కాళ్లకు స్కేట్లు కట్టటం అలవాటైపోయింది. మావాడికి అప్పుడు తొమ్మిదేళ్లు. తెల్లవారకుండానే లేచి, తండ్రితో రింకుకు పోయేవాడు. నేనూ శాలువా కప్పుకుని వెళ్లి బల్లమీద కూర్చునేదాన్ని.

సంక్రాంతి వెళ్లిన కొత్తలో వాడు పడిపోవటం మొదలుపెట్టాడు. అంతవరకూ చేపపిల్లలా తిరిగినవాడు హఠాత్తుగా చతికిలబడుతున్నాడు. ఆట నేర్పే మాస్టారు "వీడికి ధైర్యం చాలటంలేదు" అన్నారు. మా అల్లుడికి కోపం వచ్చింది. ఇంటికి వచ్చేటప్పుడు కారులో, "భయపడేవాడివి ఆటకెందుకు?" అన్నాడు. పిల్లవాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసి, "అమ్మమ్మా, నేనింక హాకీ మానేస్తా" అన్నాడు.

మర్నాడు నేను వేరే పనేమీ పెట్టుకోకుండా వాడు పడినప్పుడల్లా లెక్కపెట్టాను. ఏడుసార్లు పడ్డాడు. ఏడుసార్లూ ఎడమవైపుకు తిరగబోయి పడ్డాడు. కుడివైపుకు తిరిగినప్పుడు ఒక్కసారీ పడలేదు.

"భయానికి కుడీ ఎడమా తెలుస్తాయా, బాబూ?" అన్నాను మా అల్లుడితో. అతను కాస్సేపు నావంక చూసి, "స్కేట్లు చూపిద్దాం, అత్తయ్యగారూ" అన్నాడు. పదిరోజుల కిందటే వాటికి ఒక దుకాణంలో సాన పట్టించారు. ఈసారి ఊరి రెండో కొసన, నలభై ఏళ్లుగా యీ పనే చేస్తున్న ఒక వృద్ధుడి దగ్గరికి వెళ్లాం.

ఆయన స్కేటును తలకిందులుగా పట్టుకుని, ఉక్కు పట్టీకి అడ్డంగా చిన్న సన్నని కడ్డీ ఒకటి పెట్టి కంటి ఎత్తుకు లేపాడు. నాకు కూడా కనిపించింది. కడ్డీ తక్కెడ దండిలా ఒక పక్కకు ఒరిగింది. "పిల్లవాడి తప్పేమీ లేదు" అన్నాడాయన. మా అల్లుడు తల వంచుకున్నాడు.

ఆయన చెప్పిన సంగతులే యిప్పుడు మీకు చెబుతాను. దూరంనుంచి కత్తిలా కనిపిస్తుందిగాని, స్కేటు అడుగు కత్తివాదరలా వుండదు. అది సుమారు 3 మిల్లీమీటర్ల మందం వున్న ఉక్కు పట్టీ. దాని అడుగున, ముందునుంచి వెనకదాకా, కాలవలాగా సన్నని గాడి తీసి వుంటుంది. కాలవకు రెండు గట్లు వున్నట్టే దానికి రెండు అంచులు, లోపలి అంచు, బయటి అంచు. మంచును పట్టుకునేవి యీ అంచులే. సాన పట్టటం అంటే ఆ గాడిని మళ్లీ సరిగా తియ్యటమన్నమాట.

"ఎంత పెట్టమంటారు?" అని దుకాణంవాళ్లు అడిగేది యీ గాడి వంపును గురించే. ఆ వంపు ఎంత పెద్ద వలయంలో ముక్కో, ఆ వలయం వ్యాసార్ధాన్ని అంగుళాలలో చెబుతారు. మూడు బై ఎనిమిది అంగుళం అంటే ఇంచుమించు వేలి ఉంగరమంత వలయం. ఒక అంగుళం అంటే చంటిపిల్ల గాజంత. ఉంగరం నుంచీ గాజు నుంచీ ఒకే పొడుగు ముక్కలు తీస్తే ఉంగరం ముక్కే ఎక్కువ వంగి వుంటుంది కదా! కాబట్టి అంకె చిన్నదైనకొద్దీ గాడి లోతు. ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు తికమకపడి తలకిందులుగా చెబుతుంటారు.

గాడి లోతైతే అంచులు మంచును బాగా కరుస్తాయి, మలుపులు గట్టిగా వస్తాయి. కాని జారుడు తగ్గుతుంది, కాళ్లు త్వరగా అలుస్తాయి. గాడి నిస్సారమైతే హాయిగా జారిపోవచ్చుగాని, మలుపులో పట్టు తక్కువ. చాలా దుకాణాల్లో అర అంగుళం మామూలు లెక్క. బరువైన మనిషి తన బరువుతోనే మంచులోకి దిగుతాడు గనక ముప్పావు అంగుళంలాంటి నిస్సారమైన గాడి చాలవచ్చు. తేలిక పిల్లలకు కొంచెం లోతు కావచ్చు. మంచును బట్టికూడా మార్చుకుంటారు. బాగా చల్లబడి గట్టిపడిన మంచుకు లోతు, మెత్తని మంచుకు నిస్సారం.

ఇంతకూ ఆ లోతు ఎంతనుకున్నారు? 3 మిల్లీమీటర్ల పట్టీకి అర అంగుళం గాడి తీస్తే, నడుమ లోతు మిల్లీమీటరులో పదోవంతుకూడా వుండదు, 0.09 మిల్లీమీటరు. మీరు చదువుతున్న కాగితం మందం ఇంచుమించు అంతే. ఆ కాగితం మందంలో పిల్లవాడి పరువు వుంది!

మరి మావాడి స్కేటుకు వచ్చిన జబ్బేమిటి? సానచక్రం అంచును గుండ్రని వంపుగా చెక్కి వుంచుతారు. ఉక్కు పట్టీ ఆ వంపుకు సరిగ్గా నడుమకు రావాలి. స్కేటును బిగించే చట్రం పైకో కిందికో జరిగితే గాడి ఒక పక్కకు పోతుంది. అప్పుడు ఒక గట్టు ఎత్తు, ఒక గట్టు పల్లం. అర అంగుళం గాడిలో, కేవలం 0.2 మిల్లీమీటరు జరిగితే చాలు, రెండు అంచులకూ 0.05 మిల్లీమీటరు తేడా వస్తుంది. అంటే గాడి లోతులో సగానికి పైగా పోయినట్టే.

రెండు స్కేట్లనూ యంత్రంలో ముక్కు ఒకేవైపు వుండేట్టు బిగిస్తారు. అందుచేత తప్పు జరిగితే రెండింటికీ ఒకే పక్క జరుగుతుంది. ఎడమకు తిరిగేటప్పుడు పిల్లవాడు ఎడమకాలి బయటి అంచుమీదా, కుడికాలి లోపలి అంచుమీదా వాలుతాడు. రెండూ ఎడమపక్క అంచులే. మావాడికి ఆ రెండూ పల్లమైపోయాయి! కుడికి తిరిగితే మంచి అంచులు దొరికేవి. నేను లెక్కపెట్టిన ఏడు పడటాల రహస్యం యిది.

ఆ ముసలాయన పని చేస్తుంటే చూడటం నాకు పండగలా వుంది. ముందు పాత గాడిని, అంచుల గంట్లను వేలితో తడిమి చూశాడు. అరిగిన తిరగలికి గంట్లు పెట్టించినట్టు, తిరుగుతున్న చక్రం ముఖాన్ని వజ్రపు మొనతో గీసి కొత్త వంపు తెచ్చాడు. చట్రం ఎత్తు మర సవరించి, ఒక్కసారి తేలికగా తాకించి, కడ్డీ పెట్టి చూశాడు. మళ్లీ సవరించాడు. మళ్లీ చూశాడు. అంచులు సమంగా వున్నాయని తేలాకే అసలు సాన మొదలుపెట్టాడు. స్కేటును ముందునుంచి వెనకదాకా ఒకే వేగంతో, ఒకే ఒత్తిడితో నడిపాడు. ఎక్కడా ఆగలేదు, నొక్కలేదు. నొక్కితే ఉక్కు వేడెక్కి రంగు తిరిగి, మెత్తబడిపోతుందట. ముక్కు దగ్గరా మడమ దగ్గరా ఎక్కువ అరగదీస్తే పట్టీ పొడుగునా వుండే వంపు చెడి, పిల్లవాడి నిలకడే మారిపోతుందట.

చివర నున్నని చిన్న రాయిని పట్టీ పక్కకు ఆనించి మెల్లగా రాశాడు. సానలో అంచుకు లేచిన సన్నని ఉక్కు పొరను తీసెయ్యటానికి అది. రాయిని అంచుమీద ఏటవాలుగా పెడితే పట్టిన సాన అంతా మొద్దుబారుతుంది. తరువాత కడ్డీతో ముక్కు దగ్గర, నడుమ, మడమ దగ్గర మూడుచోట్లా పరీక్షించి, నూనెగుడ్డతో తుడిచి ఇచ్చాడు.

ఇక ఎడ్మంటన్ సోదరికి నా సలహా. ఈసారి దుకాణంలో "మామూలుగా పెట్టండి" అనకండి. అర అంగుళంతో మొదలుపెట్టించండి. నాలుగైదు ఆటలు ఆడాక అబ్బాయిని అడగండి. మలుపులో కాలు జారుతోందంటే కొంచెం లోతు, కాలు మంచులో ఇరుక్కున్నట్టుందంటే కొంచెం నిస్సారం. సరిపోయిన అంకెను ఒక కాగితంమీద రాసి స్కేట్ల సంచీలో పెట్టుకోండి. కొత్త స్కేట్లు కొన్నా సాన పట్టించాకే వేయించండి. చాలావాటికి ఫ్యాక్టరీలో సాన పట్టరు.

ఇంటికి తెచ్చాక చిన్న పరీక్ష చెయ్యండి. స్కేటును తలకిందులు చేసి, పిల్లల ఆరంగుళాల స్కేలును దాని సన్నని అంచుమీద నిలబెట్టి పట్టీకి అడ్డంగా, రెండు అంచులమీదా ఆనేట్టు తేలికగా పెట్టి చూడండి. పట్టీ పక్కకూ స్కేలుకూ మధ్య మూలమట్టం సరిగ్గా కుదరాలి. అంచుల్లో 0.05 మిల్లీమీటరు తేడా వున్నా, ఆరంగుళాల పొడుగులో అది రెండున్నర మిల్లీమీటర్ల ఒరుగుడుగా కనిపిస్తుంది. కంటికి ఆనని దోషాన్ని కంటికి ఆనేట్టు చేసేది ఆ పొడుగే. ఒరిగివుంటే మొహమాటపడక వెనక్కి తీసుకుపోయి చూపించండి.

ఇంట్లోనే పట్టుకునే చిన్న యంత్రాలు యిప్పుడు వచ్చాయి. ఒక్కొక్క కొలతకు ఒక్కొక్క చక్రం వేసుకుంటే, యంత్రమే స్కేటు పొడుగునా నడుస్తుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఆడే యింటికి మంచిదే. కాని పట్టీని చక్రానికి నడుమకు తేవటం, కడ్డీ పెట్టి చూడటం అక్కడా తప్పవు. ఆట అయిన వెంటనే పట్టీని పొడిగుడ్డతో తుడవండి. తొడుగు లేకుండా సిమెంటు నేలమీద ఒక్క అడుగుకూడా వెయ్యనివ్వకండి. గట్టి తొడుగు నడకకు మాత్రమే. దాన్ని అలాగే వుంచి దాస్తే లోపలి తడికి తుప్పు పడుతుంది.

మావాడి సంగతి చెప్పలేదు కదూ! మరుసటి వారం రింకులో మొదటి మలుపు వాడు కుడికి తీసుకున్నాడు. రెండోది కూడా కుడికే. మూడోసారి మావంక ఒకసారి చూసి, ఎడమకు వాలాడు. మంచు చర్రుమంది. వాడు పడలేదు.

ఆట అయ్యాక మా అల్లుడు మోకాళ్లమీద కూర్చుని వాడి స్కేట్ల తాళ్లు విప్పాడు. అంతవరకూ వాడి తాళ్లు వాడే విప్పుకునేవాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. దోవలో మాత్రం, "ఈ ఆదివారం నాక్కూడా నేర్పుతావా?" అని అడిగాడు తండ్రి. "నేర్పుతాగాని, ముందు నీ స్కేట్లు ముసలాయనకి చూపించు నాన్నా" అన్నాడు మా మనుమడు.