బండి సంగతులు: నాలుగు నట్లు, ఏడుగురు పిల్లలు

సోలాపూర్ నుంచి ఒక చెల్లె ఉత్తరం రాసింది. పేరు వేయొద్దంది. ఆమె మాటల్లోనే వినండి:

"అన్నా, నేను ఇంట్ల బీడీలు చేస్త. మిల్లు బంద్ అయినంక మా ఆయన పాత ఓమ్నీ కొని బడి పిల్లలను తోలుతున్నడు. మొన్న భంగార్ బజార్ల శాంత్రో బండివి నాలుగు అలాయ్ చక్రాలు చవకగ దొరికినయని తెచ్చిండు. అవి మా బండికి కూసుంటలేవు, రంధ్రాలు కలుస్తలేవు. ఒకాయన హబ్బుకు కొత్త రంధ్రాలు కొడతనంటడు. ఇంకొకాయన మధ్యల బిళ్ళ పెడతనంటడు. బండిల ఏడుగురు పిల్లలు ఎక్కుతరు. నాకు భయమైతున్నది. ఏం చెయ్యమంటవు?"

చెల్లె, నీ భయం ఉత్త భయం కాదు. బావను దగ్గర కూర్చోబెట్టుకొని ఇది చదివి వినిపించు.

ముందు ఆ చక్రాలు ఎందుకు కూర్చోవడం లేదో చూద్దాం. హబ్బు మీద నాలుగు స్టడ్లు గుండ్రంగా ఉంటాయి. వాటి నడిమధ్యల మీదుగా ఒక గుండ్రటి గీత గీస్తే దాని అడ్డకొలతను పి.సి.డి. అంటారు. ఓమ్నీకి అది 114.3 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా నాలుగున్నర అంగుళాలు. శాంత్రోకు 100. ఇంట్లోనే కొలవొచ్చు. ఒక స్టడ్డు బయటి అంచు నుంచి దాని ఎదుటి స్టడ్డు లోపలి అంచు దాకా స్కేలు పెట్టండి, అదే పి.సి.డి. ఐదు స్టడ్ల బండికి ఎదురెదురు ఉండవు కాబట్టి పక్కపక్క స్టడ్ల నడిమధ్యలు కొలిచి 1.7 తో గుణించండి.

ఇప్పుడు మొదటాయన మాట, కొత్త రంధ్రాలు. 114.3 నుంచి 100 కు వస్తే ప్రతి రంధ్రం లోపలికి 7 మిల్లీమీటర్లే జరుగుతుంది. రంధ్రం వెడల్పే 12 దాటి ఉంటుంది. పాత రంధ్రం పక్కనే కొడితే రెండూ కలిసిపోయి పొడుగు సందు అవుతుంది. అందులో స్టడ్డు నిలవదు. పాతది వెల్డింగుతో పూడ్చి మళ్ళీ కొడతామంటారు. ఒప్పుకోవద్దు. ఆ వేడికి హబ్బు ఇనుము గుణం మారుతుంది, వెనక డ్రమ్ము పోత ఇనుముదైతే పగులు పడుతుంది.

సరిగా చేయాలంటే కొత్త నాలుగు రంధ్రాలు పాత వాటి నడుమ, 45 డిగ్రీలు తిప్పి పడాలి. అది చేతి డ్రిల్లు పని కాదు. మన మిల్లు ఫిట్టర్లకు చెప్పనక్కర లేదు, డివైడింగ్ హెడ్ ఉన్న మెషిన్ షాపులోనే జరగాలి. పుల్లీ బొక్క వెంట్రుకవాసి పక్కకు పోతే మగ్గం ఎట్లా వణుకుతుందో మీకు తెలుసు. ఇక్కడ వణికేది రోడ్డు మీద పోయే చక్రం. స్టడ్డు మెడకు పళ్ళుంటాయి. రంధ్రం బిగువైతే హబ్బు చిట్లుతుంది, వదులైతే నట్టు బిగించేటప్పుడు స్టడ్డే తిరుగుతుంది. స్టడ్డు తల ఆనడానికి హబ్బు వెనక చదునైన జాగా ఉండాలి. ముందు రెండు హబ్బులు, వెనక రెండు యాక్సిల్ ముఖాలు, రెండు డ్రమ్ములు, అన్నిటికీ ఇదే లెక్కన పడాలి. ఇంత చేశాక అలాయ్ చవక అనే మాట ఎక్కడుంటుంది?

ఇక రెండో ఆయన చెప్పే బిళ్ళ. దాన్ని అడాప్టర్ అంటారు. ఒక వరుస నట్లతో బిళ్ళను హబ్బుకు బిగిస్తారు, బిళ్ళకున్న స్టడ్లకు చక్రం బిగిస్తారు. పోత పోసింది వద్దు, ఫోర్జింగ్ సరుకు అయి ఉండాలి. పాత స్టడ్ల కొనలు, నట్లు బిళ్ళ ముఖం దాటి పైకి రాకూడదు, వస్తే చక్రం చదునుగా ఆనదు. బిళ్ళ 25 మిల్లీమీటర్ల మందం ఉంటే చక్రం అంత బయటికి పోతుంది. బేరింగు మీద బరువు పెరుగుతుంది, మలుపులో టైరు మడ్‌గార్డును రాయొచ్చు. లోపలి వరుస నట్లు చక్రం చాటున ఉంటాయి. అవి వదులైతే కంటికి కనపడవు. వాటిని చూడాలంటే ప్రతిసారీ చక్రం ఊడదీయాలి. రోజూ పిల్లలను తోలే బండికి ఎవరు తీస్తారు?

ఇంకొక మోసం కూడా ఉంది. ఫియట్ పాలియోకు 98, చాలా బండ్లకు 100. రెండు మిల్లీమీటర్ల తేడానే కదా అని గట్టిగా బిగిస్తే చక్రం ఎక్కినట్టే ఉంటుంది. కానీ ప్రతి స్టడ్డు పక్కకు వంగి, రోజూ ఆ వంపులోనే పని చేస్తుంది. ఒక రోజు ఒకటి తెగుతుంది. మిగతా మూడింటి మీద భారం పెరిగి అవీ తెగుతాయి.

నట్ల సంగతి కూడా చూసుకోండి. మారుతి స్టడ్డుకు మర సందు 1.25, హ్యుందాయ్‌కి 1.5. శాంత్రో నట్టు ఓమ్నీ స్టడ్డుకు రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. పానాతో నెట్టితే మర తెగుతుంది. నట్టు చేత్తో సులువుగా తిరగాలి. ఓమ్నీ స్టడ్డు మీద తొమ్మిది పది చుట్లన్నా పట్టాలి. నట్టు కూర్చునే చోటు చూడండి. కోను ముఖం నట్టుకు కోను గుంట, గుండ్రటిదానికి గుండ్రటిది. చక్రం నడిమి రంధ్రం హబ్బు మీద వదులుగా ఆడకూడదు. తేడా ఉంటే సరైన కొలత రింగు వేయాలి.

చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే గట్టిగా చెప్పింది. పాసింగుకు పోయినప్పుడు, ఇన్సూరెన్సు అడిగినప్పుడు ఇబ్బంది పడేది బావే.

పోయిన ఏడు మా గ్యారేజీకి ఒక బండి వచ్చింది. చక్రంలో టిక్ టిక్ అంటోంది, బేరింగు పోయిందేమో చూడమన్నాడు డ్రైవరు. చక్రం ఊడదీస్తే నాలుగు స్టడ్లలో రెండు లేవు. మిగతా రెంటి చుట్టూ రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలో అరిగిపోయాయి. పక్కన హబ్బు ముఖం మీద కొత్త రంధ్రాలు, చేతి డ్రిల్లుతో కొట్టినవి. అతను ఆ పొద్దున్నే భార్యాపిల్లలతో అక్కలకోట పోయి వచ్చానన్నాడు. పానా కింద పెట్టి కాసేపు నేనేం మాట్లాడలేకపోయాను.

కాబట్టి చెల్లె, నా మాట ఒక్కటే. హబ్బును మార్చి చక్రాన్ని ఎక్కించవద్దు. చక్రాన్నే మార్చండి. ఆ అలాయ్‌లు తెచ్చిన చోటనే ఇచ్చేయండి, శాంత్రో బండివాళ్ళు సంతోషంగా కొంటారు. కొంత నష్టమైనా ఓమ్నీకి సరిపడే 114.3 ఇనుప చక్రాలే వేయండి. పిల్లలను మోయడానికి మెరుపు అక్కర లేదు.

చక్రం ఎప్పుడు తీసినా ఇట్లా చేయండి. హబ్బు ముఖం మట్టి, తుప్పు లేకుండా తుడవండి. స్టడ్డుకు నూనె రాయవద్దు. నట్లు ఎదురెదురుగా బిగించండి. చిన్న కార్లకు మామూలుగా 85 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పట్టండి. అర మీటరు పానా కొనమీద 17 కిలోల బలం పెడితే ఇంచుమించు అంత అవుతుంది. పానా మీదికెక్కి తొక్కవద్దు. 50 నుంచి 100 కిలోమీటర్లు పోయాక మళ్ళీ ఒకసారి బిగువు చూడండి. నట్టు కింద నుంచి తుప్పు చార కనిపించినా, టిక్ టిక్ వినిపించినా బండి అక్కడే ఆపండి.

బావా, చక్రాలు తెచ్చినందుకు నిన్ను తప్పు పట్టడం లేదు. బండి అందంగా ఉండాలని ఎవరికుండదు? పొద్దున ఏడు ఇండ్ల తల్లులు బిడ్డ చెయ్యి నీ చేతిలో పెడుతున్నారు. ఆ నమ్మకం నాలుగు నట్ల మీద నిలబడి ఉంది.