28 దినముల నెల



ఈ శీర్షికలో సెల్ ఫోన్లు, టీవీలు, ఇంటర్నెట్ గూర్చి మేము వ్రాయుచుండగా, "సంఘ పత్రికలో ఈ సంగతులెందుకు?" అని కొందరు పెద్దలు అడుగుచుందురు. గోపురము కట్టదలచినవాడు ముందుగా ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పిన ఉపమానము మనకందరికి తెలిసినదే. ఈనాడు మన పల్లెలలో ఎవరును గోపురములు కట్టుటలేదు గాని, ప్రతి ఇంటిలో మూడేసి ఫోన్లకు రీచార్జి చేయుచున్నారు. ఆ లెక్క చూచినవారు బహు తక్కువ. కావున ఈ నెల ఆ లెక్కతోనే మొదలుపెట్టుదము.

నెల అనగా 30 దినములు, లేక 31. బాలల బడి పిల్లవానికిని ఇది తెలియును. సెల్ ఫోను కంపెనీల పంచాంగములో మాత్రము నెలకు 28 దినములే. సంవత్సరములోని 365 దినములను 28 చేత భాగించి చూడుడి, 13 వచ్చును. అనగా పన్నెండు నెలల సంవత్సరములో మనము పదమూడు సార్లు రీచార్జి చేయుచున్నాము. తండ్రికొకటి, తల్లికొకటి, కాలేజీకి పోవు బిడ్డకొకటి చొప్పున ఇంట మూడు ఫోన్లున్నయెడల ఏటికి 39 రీచార్జిలు. ఒక్కొక్కటి 200 రూపాయలే అనుకొన్నను 7,800 రూపాయలగును. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి తీసికొను తల్లి, ఈ 7,800కు ఎన్ని వేల బీడీలు చుట్టవలెనో తన వ్రేళ్ల మీద తానే లెక్కపెట్టుకొనగలదు. మేము చెప్పనక్కరలేదు.

ఈ 28 దినముల సంగతి ప్రభుత్వపు టెలికాం నియంత్రణ సంస్థయైన ట్రాయ్ దృష్టికి రాకపోలేదు. 2022 జనవరిలో ఆ సంస్థ ఒక ఉత్తరువు చేసినది. దాని ప్రకారము ప్రతి కంపెనీ పూర్తిగా 30 దినములు నడచు ప్యాకు, ప్రతి నెల అదే తేదీన తిరిగి చేసికొను ప్యాకు కూడ ఉంచవలెను. అవి ఉన్నవి. కాని దుకాణములో మనము అడుగము, వారు చెప్పరు. తేదీ మారని ప్యాకు తీసికొన్నయెడల, జీతము వచ్చు దినమునకో పింఛను వచ్చు దినమునకో దానిని సరిపెట్టుకొనవచ్చును.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. మన సంఘములలో కీప్యాడ్ ఫోను వాడు అవ్వలు, తాతలు ఎందరో యున్నారు. వారికి ఇంటర్నెట్ పనిలేదు. దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్న కొడుకు ఫోను చేసినయెడల ఎత్తి మాట్లాడుటయే వారికి కావలసినది. అయినను చాల కాలము వారు కూడ వాడని ఇంటర్నెట్‌కు కలిపి డబ్బు కట్టుచు వచ్చిరి. 2024 డిసెంబరు 23న ట్రాయ్ ఈ విషయములో నిబంధన మార్చినది. మాటలకు, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే పనికివచ్చు ప్యాకు కనీసము ఒకటి ప్రతి కంపెనీ ఇయ్యవలెను, దాని గడువు 365 దినముల వరకు ఉండవచ్చును అని చెప్పినది. 2025 జనవరి నుండి కంపెనీలు అట్టి ప్యాకులను తెచ్చినవి. 84 దినములవి కలవు, ఏడాదికి దగ్గరగా నడచునవియు కలవు. మీ ఊరి రీచార్జి దుకాణములో "నెట్ లేకుండ, మాటలది మాత్రమే" అని తేటగా చెప్పి అడుగుడి. అవ్వ ఫోనుకు ప్రతి నెల డబ్బు కట్టుచున్న కొడుకులు, కోడండ్రు ఈ సంగతి ఈ వారమే చూడవలెనని మా మనవి. ఒక్క జాగ్రత్త: పాత 2జి కీప్యాడ్ ఫోనులో జియో సిమ్ పనిచేయదు, ఆ కంపెనీకి 2జి లేదు గనుక. చౌక అని సిమ్ మార్చి, తరువాత ఫోను కూడ మార్చవలసి వచ్చినయెడల లాభమేమున్నది?

ఇంత నెలసరి భారము మన ఇండ్లకు క్రొత్తదే. మన పెద్దలు రేడియో కొన్నప్పుడు ఒక్కసారి డబ్బిచ్చిరి. తరువాత బ్యాటరీలు, పోస్టాఫీసులో లైసెన్సు రుసుము, అంతే. సెషెల్స్ ద్వీపముల నుండి 1970లో ఆరంభమైన ఫెబా రేడియో షార్ట్ వేవ్ ప్రసారములలో తెలుగు వాక్యము వినుటకు, గరగర శబ్దము నడుమ ముల్లును అటు ఇటు త్రిప్పిన తాతలు ఇంకను మన మధ్యనున్నారు. 2003లో ఆ ప్రసార కేంద్రము మూతపడినది. మూతపడు వరకు వినువారి యొద్ద ఎవరును నెలకు ఒక్క పైసా అడుగలేదు. టీవీయు అట్లే వచ్చినది. 1975 ఆగస్టు 1 నుండి ఒక సంవత్సరము పాటు అమెరికావారి ఉపగ్రహము సహాయముతో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 6 రాష్ట్రములలోని సుమారు 2,400 పల్లెలకు టీవీ చూపించిరి. పల్లెకొక పెట్టె, ఊరంతయు దాని ముందు. ఆ పెట్టెలను చేసినది మన హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. తరువాతి కాలములో ఆ సంస్థ ఇ.సి. టీవీ అనేక తెలుగు ఇండ్లలోనికి వచ్చినది. అప్పుడు టీవీ చెడినయెడల మూత విప్పి బాగుచేయు మెకానిక్ ప్రతి పట్టణములోను ఉండెను.

గల్ఫ్‌కు పోయిన మన సహోదరులు తెచ్చిన టేప్ రికార్డర్లను మరచిపోగలమా? ఉత్తరము వ్రాయరాని తల్లి క్యాసెట్టులో మాట్లాడి, సెలవు మీద వచ్చి తిరిగిపోవువాని చేత కొడుకునకు పంపెడిది. నిర్మల్, జగిత్యాల ప్రాంతములలో అట్లు ప్రయాణము చేసిన ఏడుపులకును ప్రార్థనలకును లెక్కలేదు. ఇప్పుడు ముఖము చూచి మాట్లాడుచున్నాము. ఇది దేవుడిచ్చిన మేలేనని మేము నమ్ముచున్నాము, సెల్ ఫోనును సాతాను పెట్టె అనువారితో మేము ఏకీభవింపము. అయితే ఒక సంగతి తెలిసికొనుడి. దుబాయి ఉన్న ఎమిరేట్స్ దేశములో వాట్సాప్ ద్వారా మాటల కాల్స్‌ను ఏండ్ల తరబడి ఆపియుంచిరి. అందుకే అక్కడివారు బోటిమ్ వంటి అనుమతిగల యాప్‌లు వాడుచున్నారు. "కొడుకు వాట్సాప్‌లో దొరకుటలేదు, ఏమాయెనో" అని రాత్రంతయు కన్నీరు విడచిన తల్లులను మేమెరుగుదుము. కొడుకు పోవుటకు ముందే ఏ యాప్‌లో మాట్లాడుదురో ఇంట కూర్చుండి ఇద్దరి ఫోన్లలోను పెట్టుకొని, ఒకసారి నడిపి చూచుకొనుట మంచిది.

ఇక సిగ్నల్ మాట. నిర్మల్ పట్టణములోను, 44వ నంబరు జాతీయ రహదారి ప్రక్క ఊళ్లలోను ఉన్నవారికి ఏ కంపెనీ అయినను ఒకటే. కడెం, పెంబి, ఖానాపూర్ వైపు అడవి పల్లెల సంగతి వేరు. అచ్చట మిద్దె మీద దొరకు సిగ్నల్ ఇంటిలో దొరకదు. ఇట్టి పల్లెల కొరకే కేంద్ర ప్రభుత్వము 2022 జూలైలో 26,316 కోట్ల రూపాయలతో, 4జి అందని 24,680 గ్రామములకు బి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా టవర్లు వేయుటకు అనుమతించినది. 2025 సెప్టెంబరు 27న బి.ఎస్.ఎన్.ఎల్. స్వదేశీ 4జి సేవను ప్రధాని ఆరంభించిరి. దానిలోని సాంకేతిక పరికరములు మన దేశములోనే చేసినవి. ఇది మాకు సంతోషమే. అయినను స్వదేశీ అను మాట విని సిమ్ మార్చవద్దు, ప్రకటన చూచి అసలే మార్చవద్దు. ప్రక్క ఇంటివారి సిమ్ ఒక్క దినము అడిగి తెచ్చి, మీ ఇంటిలో, మీ చేనిలో, ఆలయములో మాట్లాడి చూడుడి. బాగున్నయెడల నంబరు మార్చకనే కంపెనీ మారవచ్చును. ఈ సౌకర్యము దేశమంతట 2011 జనవరి 20 నుండి ఉన్నది. పోర్ట్ అను ఇంగ్లీషు మాట, ఖాళీ విడచి మీ నంబరు వ్రాసి 1900కు ఎస్ఎంఎస్ పంపినయెడల ఒక కోడ్ వచ్చును. అది నాలుగు దినములు పనిచేయును.

ఇంటికి వైరు ఇంటర్నెట్ తీసికొనవలెనా అని చాలమంది అడుగుచున్నారు. ఇంట ముగ్గురు నలుగురు ఫోన్లలో విడివిడిగా డేటా కొనుచున్నయెడల, ఒక్క ఫైబరు కనెక్షన్ తీసికొని ఫోన్లకు మాటల ప్యాకులు వేసికొనుట తరచుగా చౌక. మనుష్యులు ఎక్కువ సేపు ఇంటిలో నుండు కుటుంబమునకే ఈ లెక్క కుదురును. దినమంతయు చేనిలో నుండువారికి కుదరదు. వేగము విషయములో మోసపోకుడి. 100 ఎంబిపిఎస్ అనగా సెకనుకు 100 మెగాబిట్లు, దానిని 8 చేత భాగించినయెడల 12 మెగాబైట్ల పైచిలుకు. ముఖము చూచి మాట్లాడుటకు 2 ఎంబిపిఎస్ చాలును, మంచి బొమ్మతో వీడియో చూచుటకు 5 చాలును. నలుగురున్న ఇంటికి 30 లేక 40 ధారాళము. 300 కొనుమని ఒత్తిడి చేయు కుర్రవాడు తన కమీషను కొరకు మాట్లాడుచున్నాడు. మన దేశములో బ్రాడ్‌బ్యాండ్ అని పిలుచుటకు ఉండవలసిన కనీస వేగము 2004లో 256 కెబిపిఎస్, 2013లో 512, 2023 జనవరి నుండి 2 ఎంబిపిఎస్. దీనినిబట్టి మనకు నిజముగా కావలసినదెంతో గ్రహింపవచ్చును.

మిషన్ భగీరథ మంచినీటి పైపుల కందకములలోనే ఫైబరు గొట్టములను కూడ వేసి, పల్లెలకు చౌకగా ఇంటర్నెట్ ఇచ్చు టి-ఫైబర్ పథకము తెలంగాణలో ఎన్నడో తలపెట్టిరి. 2024 డిసెంబరు 8న పెద్దపల్లి, నారాయణపేట, సంగారెడ్డి జిల్లాల పల్లెలలో ప్రయోగముగా ఆరంభించిరి. మీ గ్రామ పంచాయతీకి ఆ వైరు వచ్చినదో లేదో కార్యదర్శి యొద్ద విచారించి, తరువాతనే ప్రైవేటువారికి ఏడాది డబ్బు ముందుగా కట్టుడి.

ఫైబరు వైరు గాజుతో చేసినది గనుక పిడుగు దాని వెంట రాదు. అయినను రూటరుకు వచ్చు కరెంటు వైరు వెంట వచ్చును. ఉరుములు వినబడగానే ప్లగ్గు ఊడదీయుడి. స్విచ్ ఆపిన చాలదు. రూటరును ఇనుప బీరువా మీదను, టీవీ వెనుకను పెట్టినవారికి సిగ్నల్ రాలేదని కంపెనీ మీద కోపము వచ్చును. మట్టి గోడల పెద్ద ఇండ్లలో 2.4 అను తరంగము దూరము పోవును, 5 అనునది దగ్గరవారికి వేగము ఇచ్చును.

టీవీ గూర్చి మా అభిప్రాయము కొందరు దుకాణదారులకు నచ్చదు. పెద్ద తెర కొరకు వాయిదాల మీద అప్పు చేయవద్దు. ఈ కాలపు టీవీలో ప్యానెల్ పగిలినయెడల క్రొత్త టీవీ ధరకు దగ్గరగా అడుగుదురు, ఇ.సి. టీవీ దినములు కావివి. అయితే శబ్దము వచ్చుచు బొమ్మ రానప్పుడు వెంటనే పారవేయకుడి. చీకటిలో తెర మీద టార్చి ఏటవాలుగా వేసి చూడుడి. మసకగా బొమ్మ కనబడినయెడల లోపలి ఎల్‌ఇడి దీపముల వరుస చెడియుండును, దానిని తక్కువ ఖర్చుతో మార్చవచ్చును. నెలసరి కేబులు రుసుము కట్టలేనివారికి దూరదర్శన్‌వారి ఫ్రీ డిష్ ఉన్నది. డిష్‌కు, పెట్టెకు ఒక్కసారి డబ్బు పెట్టిన చాలును, నెలకు ఏమియు లేదు. అందులో యాదగిరి ఛానెల్ వచ్చును. రేడియో నాటి తాతల పద్ధతి ఇదొక్కదానిలో మిగిలియున్నది.

సంతలో 80 రూపాయలకు దొరకు ఛార్జర్ల మీద మాకు ఎప్పుడును కోపమే. ప్రభుత్వ ఉత్తరువు ప్రకారము అడాప్టర్ల మీద బి.ఐ.ఎస్. గుర్తు, దానితో ఆర్ అను అక్షరముతో మొదలగు నంబరు ఉండవలెను. ఆ నంబరు నిజమైనదో కాదో బిఐఎస్ కేర్ యాప్‌లో చూడవచ్చును. గుర్తు లేనిదానిని తలగడ క్రింద పెట్టుకొని బిడ్డను ప్రక్కన పరుండబెట్టుకొను తల్లిదండ్రులకు ఏమి చెప్పవలెను? ఫోను వెనుక భాగము ఉబ్బినయెడల ఆ క్షణమే వాడుట మానుడి. ఆ బ్యాటరీని గుచ్చకుడి, ఎండలో పెట్టకుడి.

వస్తువు ఏదైనను బిల్లు లేకుండ కొనవద్దు. "బిల్లు కావలెనన్న ధర పెరుగును" అని ఒక దుకాణదారుడు చెప్పగా, మన సంఘ సహోదరుడొకడు ఒక మిక్సీని, ఒక ఫోనును కాగితము లేకనే తెచ్చుకొనెను. రెండు నెలలకు ఫోను చెడెను. దుకాణదారుడు, "మా యొద్ద కొన్నట్లు ఏమి సాక్ష్యము?" అనెను. సాక్ష్యము లేదు. బిల్లు ఉన్నయెడల 2020 జూలై 20 నుండి అమలులోనున్న క్రొత్త వినియోగదారుల చట్టము మన ప్రక్కనుండును. వస్తువు హైదరాబాదులో కొన్నను మనము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. వస్తువుకు చెల్లించినది 5 లక్షల రూపాయలలోపు అయినయెడల రుసుము లేదు. మొదట 1915కు ఫోను చేసి తెలుగులోనే చెప్పుకొనుడి.

పాత ఫోను కొను యువకులకు ఒక మాట. స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కినయెడల 15 అంకెల నంబరు వచ్చును. కెవైఎం అను మూడు ఇంగ్లీషు అక్షరములు, ఖాళీ విడచి ఆ నంబరు వ్రాసి 14422కు ఎస్ఎంఎస్ పంపుడి. అది దొంగిలింపబడి ఆపివేయబడిన ఫోనైనయెడల జవాబులో తెలియును. అమ్మువాని యెదుటనే ఈ పని చేయుడి, జవాబు వచ్చు వరకు డబ్బు జేబులోనే ఉండనియ్యుడి.

వచ్చే నెల ఆలయములలోని మైకులు, యాంప్లిఫయర్లను గూర్చి వ్రాయుదుము. మీ సంఘములో ఏ పెట్టె ఉన్నదో, దానితో పడుచున్న తిప్పలేవో ఒక కార్డు వ్రాసి తెలుపుడి.