ఆయువుకు తోడు సత్తువ కావాలి

2011 జనగణన నాటికి దేశంలో అరవై ఏళ్లు నిండినవారు దాదాపు 10.4 కోట్ల మంది. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో వెలువరించిన నివేదిక 2022 నాటికి ఆ సంఖ్యను 14.9 కోట్లుగా లెక్కగట్టి, 2050 నాటికి అది 34.7 కోట్లకు, అంటే జనాభాలో ఐదో వంతుకు చేరుతుందని అంచనా వేసింది. తెలుగు రాష్ట్రాల్లో ఈ మార్పు మరింత వేగంగా వస్తోంది. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి కలిగే సంతానం సగటున ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8 మాత్రమే కాగా, జనాభా తరగకుండా నిలకడగా ఉండాలంటే ఆ సగటు 2.1 దాకా ఉండాలి. ఉన్న ఒకరిద్దరు పిల్లలూ చదువులకో ఉద్యోగాలకో నగరాలకూ విదేశాలకూ తరలిపోయిన ఇళ్లలో, పెద్దలు ఒకరిమీద ఆధారపడకుండా తమ పనులు తాము చేసుకోగలగడం కుటుంబాలకే కాక ప్రభుత్వాలకూ పట్టాల్సిన విషయమైంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రచురించిన నివేదికలో ఆరోగ్యకరమైన వార్ధక్యాన్ని రోగాల జాబితాతో కొలవలేదు; మనిషి తాను విలువనిచ్చే పనులను చేసుకోగల సామర్థ్యాన్ని పెంపొందించుకుంటూ నిలబెట్టుకునే ప్రక్రియగా దాన్ని నిర్వచించింది. ఆ సామర్థ్యానికి మూలమైన శారీరక, మానసిక శక్తుల మొత్తాన్ని నిపుణులు అంతర్గత సామర్థ్యం అంటారు. కదలిక, పోషణ వల్ల కలిగే జీవశక్తి, చూపు-వినికిడి, జ్ఞాపకశక్తితో కూడిన ఆలోచన, మానసిక స్థితి అనేవి అందులోని ఐదు అంశాలు. ఈ కొలమానం ప్రకారం, మధుమేహాన్ని మందులతో అదుపులో ఉంచుకుని సొంతంగా సంతకు వెళ్లి రాగల వృద్ధుడి పరిస్థితి, ఏ జబ్బూ లేకున్నా సాయం లేనిదే మంచం దిగలేని వ్యక్తి పరిస్థితికన్నా మెరుగైనది.

ఈ ఐదింటిలో తెలుగు ఇళ్లలో అతి తక్కువ పట్టింపు ఉన్నది కదలికకు ఆధారమైన కండబలానికే. వయసుతో పాటు కండరాలు పరిమాణంలోనూ బలంలోనూ తగ్గిపోవడాన్ని వైద్యులు సార్కోపీనియా అంటారు. నడివయసు దాటాక కండర ద్రవ్యరాశి ఏటా స్వల్పంగా తగ్గుతూ వస్తుంది, బలం అంతకన్నా వేగంగా పడిపోతుంది. కండరాలను కదిలించే నాడీకణాలు తగ్గడం, తూలినప్పుడు శరీరాన్ని చప్పున నిలదొక్కుకునేలా చేసే వేగవంతమైన కండర తంతువులు ముందుగా సన్నబడడం, తిన్న మాంసకృత్తులను కండగా మలచుకునే శక్తి మందగించడం ఇందుకు ముఖ్య కారణాలు. ఈ క్షీణతకు నొప్పి ఉండదు, రక్తపరీక్షలో తేలదు. స్నానాల గదిలోనో గడప దగ్గరో జారిపడి తుంటి ఎముక విరిగిన రోజునే అది చాలామందికి తెలిసివస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం కిందపడడం వల్ల ఏటా 6.84 లక్షల మంది మరణిస్తుండగా, వారిలో 80 శాతానికి పైగా అల్పాదాయ, మధ్యాదాయ దేశాలవారే.

పడిన తర్వాత జరిగే నష్టం ఎముకతో ఆగదు. 2007లో అమెరికా వైద్యసంఘం పత్రికలో వెలువడిన ఒక పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్న పెద్దలను పది రోజులు మంచంమీదే ఉంచినప్పుడు వారి కాళ్లలో సగటున కిలోకు కాస్త తక్కువ కండ తగ్గింది. శస్త్రచికిత్స విజయవంతమైనా రోగి తిరిగి నడవలేకపోవడానికి ఈ నష్టం ఒక ప్రధాన కారణం కాగా, “ఈ వయసులో మీకెందుకండీ శ్రమ, కూర్చోండి” అని ప్రేమతో చెప్పే ఇంటివారు తెలియకుండానే దాన్ని పెంచుతున్నారు.

అయితే ఈ క్షీణత వెనక్కి తిప్పలేనిది కాదు. అమెరికాలో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో సగటున తొంభై ఏళ్ల వయసున్న బలహీనులైన పదిమంది చేత ఎనిమిది వారాలపాటు కాళ్లకు బరువులతో వ్యాయామం చేయించగా, వారి కండబలం సగటున 174 శాతం పెరిగిందని 1990లో వెలువడిన అధ్యయనం తెలిపింది. అధ్యయనం చిన్నదే అయినా, ఆ తర్వాత జరిగిన అనేక పరిశోధనలు అదే దిశను బలపరిచాయి. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు 65 ఏళ్లు దాటినవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి శ్రమతో పాటు, కనీసం రెండు రోజులు కండబలాన్ని పెంచే వ్యాయామం, మూడు రోజులు శరీరపు నిలకడను పెంచే సాధన అవసరమన్నాయి. ఉదయపు నడకతో సరిపెట్టుకునేవారు మొదటిదాన్ని నెరవేర్చి మిగిలిన రెంటినీ వదిలేస్తున్నారు. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, మెట్లెక్కడం, గోడ పక్కన ఒంటికాలిపై నిలబడడం వంటివి ఖర్చులేని సాధనలే. గుండె జబ్బు, తీవ్రమైన మోకాళ్ల నొప్పి ఉన్నవారు మాత్రం వైద్యుల సలహాతో మొదలుపెట్టాలి.

వ్యాయామానికి తగిన ఆహారం లేకపోతే కండ పెరగదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం పెద్దవారికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరం కాగా, వృద్ధుల విషయంలో అది 1 నుంచి 1.2 గ్రాముల దాకా ఉండాలని 2013లో అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది. అన్నం ఎక్కువ, పప్పు పలుచన అయిన భోజనంతో, రాత్రి రెండు ఇడ్లీలతో సరిపెట్టే అలవాటుతో ఆ మోతాదు అందదు. అందరూ తిన్నాక మిగిలింది తినే ఇల్లాలికి, ఒంటరిగా ఉండి వంట మానుకునే వృద్ధులకు లోటు మరీ ఎక్కువ. ప్రతి పూటా పప్పు, పెరుగు, శనగలు, గుడ్డు, చేప వంటివాటిలో ఏదో ఒకటి ఉండేలా చూసుకోవాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి ఈ మోతాదును వైద్యులే నిర్ణయించాలి.

ప్రభుత్వ విధానం ఇంకా ఆస్పత్రి మంచం చుట్టూనే తిరుగుతోంది. 2024 అక్టోబరులో డెబ్భై ఏళ్లు నిండిన అందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద ఏటా కుటుంబానికి 5 లక్షల రూపాయల దాకా చికిత్స వర్తింపజేయడం స్వాగతించాల్సిన చర్యే అయినా, ఆస్పత్రిలో చేరాక అందే ఆ రక్షణ, అసలు ఆస్పత్రిలో చేరాల్సిన అవసరమే రాకుండా చూసే పనికి ప్రత్యామ్నాయం కాదు. ఆ పనికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. చేతులు ఛాతీపై కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకుమించి పడితే కండర క్షీణతను అనుమానించాలని ఆసియా నిపుణుల బృందం 2019లో సూచించింది. ఒక కుర్చీ, ఒక గడియారం ఉంటే గ్రామ ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎం సైతం ఈ పరీక్ష చేయగలరు.

రక్తపోటు, చక్కెరతో పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ఏడాదికోసారి పెద్దల కాళ్ల బలాన్నీ, చూపునూ పరీక్షించి నమోదు చేయాలి. ఫిజియోథెరపీ సేవలను మండలాలకు చేర్చాలి. పురపాలక సంఘాలు ఎత్తుపల్లాలు లేని కాలిబాటలను నిర్మించాలి. పింఛను, బీమా వృద్ధులకు భరోసా ఇవ్వగలవు గానీ, వారిని నడిపించలేవు. అరవై దాటిన ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి సేవలు చేయడమే గౌరవమన్న భావన నుంచి, వారు తమ కాళ్లమీద తాము నిలబడేలా తోడ్పడడమే గౌరవమన్న ఆలోచనకు కుటుంబాలూ ప్రభుత్వాలూ ఇప్పుడే మళ్లాలి.