పొరుగువాని కథ

తన కులపు కథను, తన మతపు కథను చెప్పుకొనుట యెల్లవారికిని తెలిసిన పనియే. అవి యింటి దీపములు. వీథికి వెలుగు నీయవు. పొరుగువాని కథను తన కథగా చెప్పుకొనగలిగిననాడే జనసమూహము జాతి యగును. ఇందుకు దృష్టాంతము మన యోరుగల్లునకు చేరువనే, జనగామ ప్రాంతమందలి కామారెడ్డిగూడెమున గలదు.

షేక్ బందగీ ఆ గ్రామమున నొక సామాన్య రైతు. భూవివాదమున ఆతని సొంత అన్నయే విసునూరు దేశముఖు పక్షమున చేరెను. బందగీ వెనుదీయక న్యాయస్థానముల చుట్టును తిరిగి తుదకు గెలిచెను. ఆ గెలుపును సహింపజాలనివారు 1940లో ఆతనిని దారికాచి చంపించిరి. ఈ పంక్తులు వ్రాయువాడు న్యాయవాది. డిక్రీ విలువను, దాని యశక్తతను గూడ నెఱిగినవాడు. డిక్రీ బందగీకి భూమి నిచ్చెను గాని ప్రాణమును కాపాడలేదు. ఆతనిని బ్రతికించినది కథ.

1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గారలు ఆ కథ నాధారము చేసికొని ‘మా భూమి’ నాటకమును రచించిరి. వారు నిజాము ప్రజలు కారు. నాటి మదరాసు రాష్ట్రపు ఆంధ్ర జిల్లాలవారు. ప్రజానాట్యమండలి దానిని ఊరూర నాడెను. మదరాసు ప్రభుత్వము నిషేధించెను. అవి దేశవిభజనపు దినములు; ఇచట రజాకారుల దౌర్జన్యము ప్రబలిన దినములు. మతవిద్వేషము మండుచున్న యట్టి వేళ హిందూ రైతులు ఒక ముసల్మాను రైతును తమ వీరునిగా నెంచుకొనిరి. ఏ శాంతిసభ యింతకంటె నెక్కుడు సాధింపగలదు?

కథ యంతటితో నాగలేదు. ఉర్దూ పాలకుల భాష యని మనలో ననేకులకు కినుక యుండెడిది. ఆ ఉర్దూలోనే కృష్ణచందర్ గారు తెలంగాణపు రైతుపోరును గూర్చి ‘జబ్ ఖేత్ జాగే’ యను నవల వ్రాసిరి. దాని నాధారముగా వంగదేశీయుడగు గౌతమ్ ఘోష్ గారు 1979లో తెలుగున ‘మా భూమి’ చలనచిత్రమును తీసిరి. ఇక గుంటూరు జిల్లాకు చెందిన షేక్ నాజరు గారు పల్నాటి వీరుల గాథను బుఱ్ఱకథగా చెప్పి, ఆ కళకు పితామహుడని ప్రజలచే కొనియాడబడి, 1986లో పద్మశ్రీ బిరుదము నందిరి.

కథ విడదీయుటకును పనికివచ్చును గదా యని కొందరందురు. నిజమే. పొరుగువానిని గూర్చి, అతడు లేనిచోట, పగతో చెప్పిన కథ విషమే. అది ప్రతివాదికి సమను పంపకయే పొందిన యేకపక్షపు డిక్రీ వంటిది. అతనిని ఎదుట కూర్చుండబెట్టి, అతడు ఔనని తల యూపునట్లు చెప్పిన కథయే కలుపును.

నేడు మన బాలురలో బందగీ పేరు విన్నవారెందరు? హనుమకొండలో 1904లో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వంటి గ్రంథాలయములును, మన పాఠశాలలును మాసమున కొక సాయంకాలము కథలకై కేటాయింపవలెనని మా మనవి. నియమ మొక్కటే: ఎవ్వరును తమ కథను చెప్పరాదు. నేతవారి బాలుడు కోయల సమ్మక్క గాథను, ముసల్మాను బాలిక పల్నాటి గాథను చెప్పవలెను. తొలి సాయంకాలమున ఎవరేని హిందూ బాలుడు లేచి బందగీ కథను చెప్పుగాక.