జోడీ మారండహో!

"అంకుల్, మీరు లీడరా? ఫాలోవరా?"

అడిగిన అమ్మాయికి ఇరవై రెండేళ్ళుంటాయి. నా వయసు మాత్రం అడక్కండి, చెప్పను! ఆ పిల్ల చేతిలో రెండు రంగుల రిబ్బన్లున్నాయి. పచ్చది కట్టుకుంటే లీడరు, అంటే నడిపించే మనిషి. ఎర్రది కట్టుకుంటే ఫాలోవరు, అంటే చెయ్యి చెప్పినట్టు నడిచే మనిషి. రెండేళ్ళుగా నేను వెళ్తూన్న క్లబ్బులో నన్నీ ప్రశ్న ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

"మగవాణ్ణి కదమ్మా!" అన్నాను.

"నేనడిగింది అది కాదండీ" అంది.

చచ్చినట్టు పచ్చరిబ్బను కట్టించుకున్నాను.

హైదరాబాదులో ఓ కాఫీ హోటలు మీది అంతస్తులో ఉందా క్లబ్బు. సల్సా, బచాటా నేర్పుతారు. రెండూ జంటగా చేసే డ్యాన్సులే. పేరు మాత్రం చెప్పను. చెబితే పొగిడానని కొందరు, తిట్టానని కొందరు మొదలుపెడతారు. కాలమ్ కోసమని వెళ్ళినవాణ్ణి కాళ్ళు అలవాటుపడి ఆగిపోయాను. ఈమధ్య అక్కడ క్లాసులు చెప్పే పద్ధతీ, శనివారం రాత్రి జరిగే 'సోషల్' పద్ధతీ రెండూ మార్చేశారు. మార్చిన రోజున పెద్ద గొడవే అయింది. గొడవపడ్డవాళ్ళలో మీ కాలమిస్టు కూడా ఉన్నాడు లెండి!

సోషల్ అంటే తెలియనివాళ్ళకు ఓ మాట. అక్కడ పోటీ ఉండదు, స్టేజీ ఉండదు. పాట వేస్తారు. ఎవరైనా వెళ్ళి ఎవరినైనా "డ్యాన్సు చేద్దామా?" అని అడగొచ్చు. పాట అయ్యాక థాంక్స్ చెప్పి ఎవరి కుర్చీలోకి వాళ్ళు పోవచ్చు. వచ్చే స్టెప్పు ఏమిటో ఇద్దరిలో ఒకరికే తెలుసు, అదీ అరక్షణం ముందు. రెండోవాళ్ళకి చేతి ఒత్తిడి ద్వారా, భుజం తిరిగిన తీరు ద్వారా తెలియాలి. మజా అంతా అక్కడే ఉంది.

మన సినిమా డ్యూయెట్‌లో ఈ గొడవ లేదు. మన హీరో హీరోయిన్లు జంటే గాని, ఇద్దరూ చూసేది కెమెరా వంక! డ్యాన్సు మాస్టరు లెక్క చెబుతాడు, ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఒకే స్టెప్పు వేస్తారు. 2022లో వచ్చిన 'ఆర్ ఆర్ ఆర్' గుర్తు తెచ్చుకోండి. తెల్లదొర టాంగో, స్వింగ్, ఫ్లమెంకో అంటూ జాబితా చదివి వెక్కిరిస్తే, మనవాళ్ళిద్దరూ భుజాల మీద చేతులేసుకుని 'నాటు నాటు' అందుకుంటారు. 2023లో ఆస్కార్ కూడా పట్టుకొచ్చిన పాట. ప్రేమ్ రక్షిత్ మాస్టరు కంపోజ్ చేసిన ఆ కాలి విసుర్లలో ఒకరు ఇంకొకర్ని నడిపించడం ఎక్కడైనా ఉందా? ఇద్దరూ ఒకరికొకరు అద్దం. అందులో అందం వేరు. కానీ ఆ అలవాటుతో సల్సా క్లాసుకి వెళ్తే మాత్రం తిప్పలే!

మా క్లబ్బు పాత పద్ధతిలో జరిగిందదే. ఎనిమిది వారాల బ్యాచి. మొదటిరోజు ఎవరితో నిలబెడితే చివరిదాకా వాళ్ళే మీ జోడీ. వన్ టూ త్రీ, నాలుగుకి ఆగు. ఫైవ్ సిక్స్ సెవెన్, ఎనిమిదికి ఆగు. ఎనిమిది వారాల్లో ఓ పాటకి పూర్తి డ్యాన్సు వచ్చేసేది. చివర్లో వీడియో తీసుకుని, ఇంట్లోవాళ్ళకి చూపించుకుని మురిసిపోవడం. ఇక సోషల్‌కి వస్తే ఏమయ్యేదంటే, తన జోడీతో పులిలా తిరిగిన కుర్రాడు ఇంకో అమ్మాయి చెయ్యి పట్టుకోగానే పిల్లి అయిపోయేవాడు. పాపం, వాడు నడిపించడం నేర్చుకున్నదెప్పుడు? ఎనిమిది వారాలూ ఆ పిల్లకి తర్వాతి స్టెప్పు బట్టీ వచ్చు కాబట్టి తిరిగింది. వాడేమో తనే తిప్పానని అనుకున్నాడు!

నేనూ అనుకున్నాను. దాచడం దేనికి?

కొత్త పద్ధతిలో అందర్నీ గుండ్రంగా నిలబెడతారు. లోపలి వరుస, బయటి వరుస. రెండు మూడు నిమిషాలకోసారి మేష్టారు చప్పట్లు కొట్టి "మారండి!" అంటారు. బయటివాళ్ళు ఒక్కడుగు పక్కకి జరుగుతారు. కొత్త చెయ్యి, కొత్త ఎత్తు, కొత్త బరువు. గంటలో పదిమందితో అదే ఒక్క తిరుగుడు. ఏడుగురితో కుదిరి ముగ్గురితో కుదరలేదంటే తప్పు ఎక్కడో ఆలోచించుకోవచ్చు. పదిమందితోనూ కుదరకపోతే ఆలోచించే పనే లేదు, తప్పు మనదే!

"ఇదేం పద్ధతండీ, మన సంస్కృతేమిటి, జోడీలు మార్చడమేమిటి?" అని ఒకాయన లేచాడు. నాకు నవ్వొచ్చింది. మన కోలాటం మాటేమిటి మరి? రెండు వరుసలుగా తిరుగుతూ, ఎదురొచ్చినవాళ్ళ కోలకి కోల తాకించి, ముందుకి జరిగి ఇంకొకరి కోలకి తాకించడమే కదా! అటు క్యూబాలో 1950ల్లో హవానా క్లబ్బుల్లో కుర్రకారు ఇలాగే చక్రంలా నిలబడి, ఒకడు కేక పెట్టగానే జోడీలు మార్చుకుంటూ ఆడేవారు. దాన్ని 'రుయేదా' అంటారు, అంటే చక్రమని అర్థం. సముద్రాలకి ఆవలా ఈవలా ఒకటే ఉపాయమన్నమాట. అయితే ఆయన బాధ నిజంగా సంస్కృతి గురించి కాదు. పక్కన భార్య ఉంది, కొత్తగా పెళ్ళయింది. అది తెలిశాక మేష్టారు ఆ ఇద్దర్నీ చక్రంలోంచి తప్పించి, కిటికీ పక్కన విడిగా చేసుకోమన్నారు. గొడవ అక్కడితో సరి. మూడోవారం ఆవిడే "నేను చక్రంలోకి వెళ్తానండీ" అంది. ఆయన ఇంకా కిటికీ దగ్గరే ఉన్నారు!

ఇంతవరకూ సరదాగా చెప్పాను. ఇకముందు చెప్పేది అంత సరదా కాదు.

ఆ క్లబ్బుకి మా మేనకోడల్ని తీసుకెళ్ళింది నేనే. ఆఫీసు నుంచి రావడం, ల్యాప్‌టాప్ ముందు తినడం, పడుకోవడం, ఇదీ దాని జీవితం. నాలుగు నెలలు బ్రహ్మాండంగా వచ్చింది. తర్వాత ఒక శనివారం తలనొప్పి, ఇంకో శనివారం పని. ఆపైన రావడమే మానేసింది. నేనూ గుచ్చి అడగలేదు. రూల్సు మారాయని ఫోనులో చెబితే కాసేపు మాట్లాడకుండా ఉండి, అడిగింది.

"మామయ్యా, ఫ్లోర్ మీద ఎవరూ ఎవరికీ నేర్పకూడదని రూలు పెట్టారా?"

"పెట్టారు. నీకెందుకే?"

అప్పుడు చెప్పింది. క్లబ్బులో ఓ సీనియరున్నాడు. మంచి డ్యాన్సరే. సోషల్‌లో కొత్తమ్మాయి కనబడితే చాలు, చెయ్యి పట్టుకుని "అలా కాదు, నడుం ఇలా", "భుజం వదులు", "ఇంకా దగ్గరికి రావాలి, బచాటా అంటే అంతే" అంటూ పాట మీద పాట వదిలిపెట్టడు. అందరి ముందూ తప్పులు చెబుతూంటే దీనికి తలకొట్టేసినట్టయ్యేది. చాలంటే "అహంకారం" అంటాడు. రెండుసార్లు చెయ్యి విడిపించుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్ళి నిలబడిందట, పాట అయ్యేదాకా.

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వక్కడే ఉన్నావుగా మామయ్యా. చూస్తూనే ఉన్నావు."

నిజమే. చూశాను. పాపం, శ్రద్ధగా నేర్పిస్తున్నాడే అనుకున్నాను. చేతిలో టీ కప్పు కూడా గుర్తుంది నాకు.

ఇలా వెళ్ళిపోయింది ఇదొక్కతే కాదు. ఏడాది కిందట సోషల్‌కి పాతికమంది దాకా ఆడపిల్లలు వచ్చేవారు. ఈ వేసవికి ఏడెనిమిది మంది మిగిలారు. మగపిల్లలు గోడవారన బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడేవారు. క్లబ్బువాళ్ళు ముందు పాటల మీద అనుమానపడ్డారు, తర్వాత ఏసీ మీద, ఆ తర్వాత టిక్కెట్టు మీద. చివరికి మానేసినవాళ్ళకి ఫోన్లు చేసి అడిగితే ముగ్గురు నలుగురు ఇదే కథ చెప్పారట. ఆ తర్వాతే ఈ మార్పులు.

ఫ్లోర్ మీద పాఠాలు చెప్పకూడదు. వద్దంటే కారణం అడక్కూడదు. రెండు పాటలయ్యాక జోడీ మారాలి. మొదటి గంట కొత్తవాళ్ళకి క్లాసు, ఆ వెంటనే సోషల్. దాంతో క్లాసులో చెయ్యి కలిపినవాళ్ళు పదిమందైనా ఫ్లోర్ మీద తెలిసిన మొహాలే. ఇందులో కొన్ని మనం కనిపెట్టినవి కావు. అర్జెంటీనాలో టాంగో ఆడే 'మిలోంగా'ల్లో మూడు నాలుగు పాటలు కలిపి ఒక విడతగా వేసి, మధ్యలో వేరే సంగీతం ముక్క వినిపిస్తారు. అది వినబడగానే అందరూ జోడీలు వదిలి కుర్చీల్లోకి వెళ్ళిపోతారు. "ఇక చాలు" అని ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేదు. అడగడం కూడా దూరం నుంచి కళ్ళతోనే. ఇష్టముంటే తల ఊపుతారు, లేకపోతే చూపు పక్కకి తిప్పుకుంటారు. అడిగినవాడి పరువూ దక్కుతుంది, అడిగించుకున్న మనిషికి తిప్పలూ తప్పుతాయి. సినిమాల్లో టాంగో అంటే నోట్లో గులాబీ పెట్టుకుని విసురుగా నడవడమే చూపిస్తారు గాని, ఈ మర్యాద ఎవరైనా తీస్తే బాగుండును!

అన్ని మార్పులూ నాకు నచ్చలేదు, ఏమాటకామాటే చెప్పుకోవాలి. బ్యాచిలు ఎత్తేసి, ఏ వారం కావాలంటే ఆ వారం టిక్కెట్టు కొనుక్కుని రావచ్చన్నారు. దాంతో ప్రతివారం సగంమంది కొత్తవాళ్ళే. ప్రతివారం వన్ టూ త్రీ దగ్గర్నుంచే మొదలు! ఆరునెలల వాడికి ఆకలి తీరదు. ఎనిమిది వారాల బ్యాచిలో ఒకరి పేరు ఒకరికి తెలిసేది, ఒకరు రాకపోతే ఇంకొకరు ఫోను చేసేవారు, క్లాసయ్యాక అందరం ఇరానీ హోటల్లో పడేవాళ్ళం. ఇప్పుడు ఆ టేబుల్ దగ్గర నేనూ ఇంకో ఇద్దరమూ మిగిలాం. సోషల్ కూడా శనివారం అర్ధరాత్రి నుంచి ఆదివారం సాయంత్రానికి జరిపారు. పట్టపగలు సినిమాలో సెకండ్ షో చూసినట్టుంది నాకు. "మెట్రోలో ఇంటికి పోవచ్చు మామయ్యా, క్యాబ్ డ్రైవర్ని చూసి భయపడక్కర్లేదు" అంది మా అమ్మాయి. సరే, ఆ ఒక్కదాన్లో ఓడిపోయాను. బ్యాచిల విషయంలో మాత్రం మేష్టారితో ఇంకా పోట్లాడుతూనే ఉన్నాను. నెలకోసారి పాతవాళ్ళకి వేరే క్లాసు పెడతానన్నారు. చూద్దాం.

మొన్న ఆదివారం మేనకోడలు వచ్చింది. మొదటి పాటకే ఆ సీనియరు ఎదురుగా వచ్చి చెయ్యి చాపాడు. నా చేతిలో మళ్ళీ టీ కప్పుంది. కింద పెట్టేశాను, లేచాను కూడా. ఈలోగా అది "వద్దండీ" అంది. అంతే, ఇంకో మాట లేదు. అతను ఒక్క క్షణం నిలబడి, "ఓకే" అని పక్కకి తప్పుకున్నాడు. మొహం కాస్త ఎర్రబడింది. తర్వాత ఇంకెవరితోనో ఆడాడు, నోరు మెదపకుండా. బాగానే ఆడాడు.

ఇది నేరుగా నా దగ్గరికొచ్చి నా పచ్చరిబ్బను విప్పేసి, ఎర్రది కట్టింది.

"ఇవాళ నేను లీడర్ని. పద."

సల్సా పాట. రెండేళ్ళు నడిపించిన కాళ్ళు వెనక్కి నడవమంటే నడుస్తాయా? దాని చెయ్యి ఎటో చెబుతోంది, నా భుజం ఎటో పోతోంది. తిప్పబోయింది, నేను ముందే తిరిగేశాను. పక్క జంటని గుద్దేశాను కూడా.

"కుడికాలు వెనక్కి మామయ్యా, కుడికాలు!"

"ఏయ్, ఫ్లోర్ మీద నేర్పకూడదే! రూలు!" అన్నాను.