పర్సంటైల్ అంటే మార్కులు కావు



పర్సంటేజీ, పర్సంటైల్ అనే మాటలు వినడానికి అక్కాచెల్లెళ్ళలా ఉంటయి. పని మాత్రం వేరు. పర్సంటేజీ వందకు ఎన్ని మార్కులు వచ్చాయో చెబుతుంది. పర్సంటైల్ మార్కులు చెప్పదు. పరీక్ష రాసినవాళ్ళలో నూటికి ఎంతమంది మనతో సమానంగా గానీ, మనకంటే వెనక గానీ ఉన్నారో చెబుతుంది.

మనకు తెలిసిన తునికాకు లెక్క చూద్దాం. 50 ఆకులకు ఒక కట్ట. ఒకరోజు కల్లానికి 100 మంది వచ్చారనుకోండి. ఒకామె 120 కట్టలు తెచ్చింది. ఆమెతో కలిపి 90 మంది 120 గానీ, అంతకు తక్కువ గానీ తెచ్చారు. ఆమె పర్సంటైల్ 90. మర్నాడు వాన. ఆమెకు 60 కట్టలే అయినయి. అందరికీ అట్లాగే తగ్గినయి కాబట్టి ఆమె పర్సంటైల్ మళ్ళీ 90. కానీ కల్లంలో డబ్బులు కట్టలకే ఇస్తారు, పర్సంటైల్‌కు కాదు!

మరి ఇది ఎందుకు? జేఈఈ మెయిన్ పరీక్ష చాలా షిఫ్టులలో జరుగుతుంది. ఒక్కో షిఫ్టుకు ఒక్కో పేపరు. ఒకటి కష్టం, ఒకటి తేలిక. అందుకే 2019 నుంచి ఏ షిఫ్టు వాళ్ళను ఆ షిఫ్టులోనే పోల్చి పర్సంటైల్ ఇస్తున్నారు. ఇది మంచి పద్ధతే.

2024లో జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయడానికి అర్హత జనరల్ వాళ్ళకు 93.23 పర్సంటైల్, ఎస్టీలకు 46.69. ఇది చూసి కొందరు "ఎస్టీలకు 46 మార్కులొస్తే ఐఐటీ సీటే" అని ఎగతాళి చేస్తారు. మనవాళ్ళు తల దించుకుంటారు. అందులో రెండు తప్పులున్నయి. 46.69 మార్కులు కావు. అది సీటు కూడా కాదు, ఇంకో పెద్ద పరీక్ష రాయనిచ్చే అర్హత మాత్రమే. అక్కడ మళ్ళీ ర్యాంకు తెచ్చుకోవాలి.

రెండు అంకెలకు చాలా తేడా ఉన్నది నిజమే, దాన్ని దాచొద్దు. కానీ ఎవరు ఎక్కడ నిలబడ్డారో పర్సంటైల్ చెబుతుంది గానీ, ఎక్కడి నుంచి నడిచి వచ్చారో చెప్పదు. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. అది ఏ పర్సంటైల్‌లోనూ కనపడదు.

మేడం గార్లకు ఒక మనవి. నోటీసు బోర్డు మీద ర్యాంకు ఒక్కటే రాస్తే మాకు సగమే తెలుస్తుంది. క్లాసులో 40 మందికీ పదేసి మార్కులు పెరిగితే ఒక్కరి ర్యాంకూ మారదు. అంటే ఎవరూ ఏమీ నేర్చుకోనట్టా? కాబట్టి ర్యాంకు పక్కన ఈసారి మార్కులు, పోయినసారి మార్కులు కూడా రాయించండి. మిత్రులారా, ఇక నుంచి ఎవరైనా ఒక అంకె చెబితే ముందు ఇది మార్కా, పర్సంటైలా అని అడగండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని,
పాల్వంచ