అమ్మేవారికీ కొనేవారికీ మధ్య దళారి ఎందుకు?

నల్లగొండ పట్టణం పెరిగి పెరిగి పానగల్‌ను తనలో కలుపుకున్న తర్వాత అక్కడి పాత ఇళ్ళకూ, ఖాళీ జాగాలకూ గిరాకీ వచ్చింది. కందూరు చోళులు ఏలిన చోటు గనుక పచ్చల సోమేశ్వరాలయమో, ఛాయా సోమేశ్వరాలయమో చూడడానికి మనుషులు రావడం ఎప్పుడూ ఉన్నదే. ఇప్పుడు జాగాలు చూడడానికి వచ్చేవారూ వారి వెంట చేరారు. గిరాకీ ఉన్నచోటికి దళారి వస్తాడు. పక్క వీధి వాడి ఇల్లు పక్క వీధి వాడే కొంటున్నా మధ్యలో మూడో మనిషి వచ్చి నిలబడుతున్నాడు.

ఒకప్పుడు ఊళ్ళో ఇంటి బేరం అరుగు మీదనే తెగేది. ఇరువైపులా చెరో పెద్దమనిషి కూర్చునేవాడు. బయానా చేతులు మారేది. పెద్దమనుషులకు చాయ్ నీళ్ళు తప్ప మరేమీ ముట్టేది కాదు. ఆ పద్ధతిని మరీ పొగడవలసిన పని కూడా లేదు. ఆనాడు తెల్లకాగితం మీద రాసుకున్న బేరాల తగవులు మనుమల కాలానికి కూడా తెమలకుండా కోర్టుల్లో నలిగిన కుటుంబాలు ఉన్నాయి. వంద రూపాయలు, అంతకు మించి విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజు ద్వారానే చెల్లుతుందని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతున్నది. నూరేళ్ళు దాటినా ఈ మాట చాలామంది చెవికి ఎక్కలేదు.

దళారి సంపాదన రెండు రకాలు. మొదటిది కమీషను. నూటికి ఒకటో రెండో రూపాయలు ఇరువైపులా తీసుకోవడం వాడుక. 40 లక్షల ఇంటికి నూటికి రెండు చొప్పున చెరి 80 వేలు, మొత్తం లక్షా 60 వేలు. ఇది పైకి కనిపించే లెక్క, చెప్పి తీసుకునే సొమ్ము. దీన్ని తప్పుపట్టడం కష్టం. రెండోదే అసలు చిక్కు. ‘నీ చేతికి 36 లక్షలు ఇప్పిస్తాను, ఆపైన ఎంత వచ్చినా నాది’ అని అమ్మేవారితో ఒప్పందం చేసుకుంటాడు. కొనేవారికి 40 లక్షలని చెబుతాడు. ఆ నాలుగు లక్షల సంగతి ఇద్దరిలో ఎవరికీ తెలియదు. తెలియకుండా ఉండాలంటే ఆ ఇద్దరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోకూడదు. అందుకే రిజిస్ట్రేషను నాటి వరకూ ఇంటివారి ముఖం చూడనివ్వని బేరాలు జరుగుతుంటాయి. దళారి ఎప్పుడైనా ‘వాళ్ళతో మీరు మాట్లాడకండి, ధర చెడుతుంది’ అన్నాడంటే ఎవరి ధర చెడుతుందో ఆలోచించుకోవాలి.

చట్టం అండ ఉన్నది కదా అనుకుంటే, పాత ఇంటి బేరంలో అదీ అక్కరకు రాదు. 2016లో పార్లమెంటు చేసిన రెరా చట్టం దళారులు నమోదు చేయించుకోవాలన్నది నిజమే. అయితే ఆ నిబంధన రెరాలో నమోదు కావలసిన కొత్త వెంచర్లకు, అపార్టుమెంట్లకు సంబంధించినది. అవైనా 500 చదరపు మీటర్లకో, ఎనిమిది ఫ్లాట్లకో మించినప్పుడే. రాములవారి గుడి వీధిలో తాత కట్టిన మిద్దె ఇంటిని బేరం పెట్టే మధ్యవర్తి ఆ చట్టానికి అందడు. అతను తప్పు చెబితే ఫిర్యాదు చేయడానికి ఒక లైసెన్సు నంబరైనా ఉండదు.

ఇంతకూ దళారి దగ్గర ఉన్న సరుకేమిటి? ఎవరు అమ్ముతున్నారో, ఎవరు కొంటారో తెలిసి ఉండడం. ఈ సమాచారం అతనికే ఎందుకు తెలుస్తున్నదంటే, అమ్మేవారు దాచుకుంటున్నారు గనుక. ఇల్లు అమ్ముతున్నాడంటే అప్పుల పాలయ్యాడని ఊరు అనుకుంటుంది. బిడ్డ పెళ్ళికో, కొడుకు చదువుకో, ఆసుపత్రి ఖర్చుకో అమ్మేవాడు గోడ మీద ‘ఈ ఇల్లు అమ్మబడును’ అని రాయడానికి సిగ్గుపడతాడు. చీకటి పడ్డాక వెళ్ళి దళారి చెవిలో చెబుతాడు. ఆ సిగ్గే దళారికి పెట్టుబడి. తొందరలో ఉన్నవాడి తొందర అతనికి తెలుస్తుంది, ధర అక్కడే పడిపోతుంది. గోడ మీద ఒక ఫోను నంబరు రాయడం, కిరాణా కొట్టులోనూ, బడి పంతుళ్ళతోనూ, పింఛనుదార్లతోనూ ఒక మాట చెప్పి ఉంచడం అవమానం కాదు. కష్టపడి కట్టిన ఇంటిని నలుగురి ఎదుట తగిన ధరకు అమ్ముకోవడంలో పోయే పరువు ఏమున్నది?

ధర సంగతికి వస్తే, రిజిస్ట్రేషను శాఖ నిర్ణయించిన మార్కెటు విలువ ఎవరైనా తెలుసుకోవచ్చు. అది అసలు ధర కాదని అందరికీ తెలుసు, కాని ఒక మెట్టు అవుతుంది. చాలామందికి తెలియనిది మరొకటి ఉన్నది. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం అమ్మకపు దస్తావేజులు నమోదయ్యే పుస్తకాన్ని రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు, నకలు పొందవచ్చు. పక్కిల్లు నిరుడు ఎంతకు రిజిస్టరు అయిందో అడిగి తెలుసుకునే హక్కు ప్రతివారికీ ఉన్నది. దస్తావేజులో రాసిన మొత్తానికీ చేతులు మారిన మొత్తానికీ తేడా ఉండవచ్చు. ఆ తేడా ఎంతో ఇరుగుపొరుగే చెబుతారు.

ఇక కాగితాలు. ఇక్కడ దళారి లేని బేరం బోల్తా పడే ప్రమాదం ఉన్నది. దళారి ఉన్న బేరమూ ఇక్కడే బోల్తా పడుతున్నదన్నది వేరే మాట. 1998లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘కార్డ్’ పథకం కింద సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల్లో కంప్యూటర్లు పెట్టాక, రోజుల తరబడి తిరగవలసిన ఈసీ నిమిషాల్లో చేతికి రావడం మొదలైంది. అయితే ఈసీలో కనిపించేవి రిజిస్టరు అయిన లావాదేవీలు మాత్రమే. తెల్లకాగితం బేరాలు, నోటిమాట పంపకాలు అందులో ఉండవు. మన దేశంలో సర్కారు దస్తావేజును నమోదు చేస్తుందే గాని, అమ్మినవాడే యజమాని అని పూచీ పడదు. దక్షిణ ఆస్ట్రేలియాలో 1858లో రాబర్ట్ టోరెన్స్ తెచ్చిన పద్ధతిలో ప్రభుత్వ రిజిస్టరులో ఉన్న పేరే యజమాని పేరు. ఆ వసతి ఇక్కడ లేదు గనుక పాత లింకు దస్తావేజులన్నీ కొనేవారే తెప్పించి చూసుకోవాలి. ఇంటి పన్ను రసీదు మీద పేరు ఉన్నంత మాత్రాన అది యాజమాన్య పత్రం కాదు. స్థలం 22-ఏ నిషేధిత జాబితాలో ఉన్నదా, అసైన్డు భూమా, దేవాదాయ భూమా అన్నది ముందే కనుక్కోవాలి. అసైన్డు భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది. పానగల్‌లో మరొకటి కూడా చూడవలసి ఉన్నది. ఉదయ సముద్రం గాలి తగులుతుందని చెప్పి చూపించే జాగా చెరువు పూర్తి మట్టానికి ఎంత దూరంలో ఉన్నది? పది హెక్టార్లు, ఆపైన విస్తీర్ణం గల చెరువులకు పూర్తి మట్టం గట్టు నుండి 30 మీటర్ల దాకా కట్టడం పనికిరాదని 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి.

వీటన్నిటికంటే ఎక్కువ తగవులు తెచ్చేది ఆడపడుచు సంతకం. హిందూ కుటుంబంలో తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, తల్లి ఉంటే ఆమెకు కూడా ఇంట్లో వాటా ఉంటుంది. అయినా 1956 నాటి వారసత్వ చట్టంలో ఒక మెలిక ఉండేది. కొడుకులు పంచుకుంటామనే వరకూ కూతుళ్ళు నివాస గృహాన్ని పంచమని అడగరాదు. 2005లో ఆ సెక్షనును తొలగించారు. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చినది కూడా ఆ సవరణే. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా ఆ హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ముస్లిం కుటుంబాల్లోనూ కూతురి వాటా కొడుకు వాటాలో సగమైనా ఉంటుంది, లేకుండా పోదు. అయినా ఇంటి బేరాల్లో ‘కట్నం ఇచ్చి పంపించాం, ఆమెకేం సంబంధం’ అన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉన్నది. కమీషను కోసం బేరం త్వరగా ముగించాలనుకునే దళారి ఆ మాటను ఎదురు ప్రశ్నించడు. కొనేవారు ప్రశ్నించాలి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెప్పించి, అందులో ఉన్న ప్రతి పేరూ దస్తావేజు మీద సంతకమై కనిపించిందాకా మిగతా సొమ్ము ఇవ్వకూడదు. పదేళ్ళకు ఆమె కోర్టుకు వెళ్తే తప్పు ఆమెది కాదు.

బయానా విషయంలోనూ పాత అలవాటు మానుకోవాలి. 2015 జూన్ 1 నుండి స్థిరాస్తి బేరంలో 20 వేల రూపాయలు, అంతకు మించి నగదుగా పుచ్చుకోరాదు. పుచ్చుకుంటే అంతే మొత్తం జరిమానా పడేది పుచ్చుకున్నవారికే, అంటే అమ్మేవారికే.

దళారి అవసరం బొత్తిగా లేదనడం సబబు కాదు. హైదరాబాదులోనో, అమెరికాలోనో స్థిరపడి ఇంటికి తాళం వేసి ఉంచినవారికి తాళం తీసి చూపించే మనిషి కావాలి. ఆ పనికి ఇంత అని ముందే మాట్లాడుకుని ఇవ్వవచ్చు. జీపీఏ రాసి మొత్తం అతని చేతిలో పెట్టవలసిన పని లేదు. జీపీఏ, అగ్రిమెంటులతో జరిగే అమ్మకాలు హక్కును బదిలీ చేయవని 2011లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

తెలంగాణలో 2021 జూలైలో స్టాంపు, రిజిస్ట్రేషను సుంకాలు మొత్తం ఆరు నుండి ఏడున్నర శాతానికి పెరిగాయి. ఆ లెక్కన 40 లక్షల ఇంటికి సర్కారుకు కట్టేదే మూడు లక్షలు. అంత సొమ్ము తీసుకునే ప్రభుత్వం కొనేవారికి రెండు పనులు చేసిపెట్టవచ్చు. ఒకటి, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఏ కాగితం ఎక్కడ అడగాలో చెప్పే ఒక గుమాస్తాను కూర్చోబెట్టడం. రెండు, పురపాలక సంఘం వార్డు కార్యాలయం గోడ మీద అమ్మకపు ఇళ్ళ వివరాలు ఉచితంగా అంటించుకోవడానికి ఒక బోర్డు పెట్టడం. ఇక ఆడపడుచుల వరకు, 1987 చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం అందవలసి ఉన్నది. పుట్టిల్లు అమ్ముడవుతున్నదని ఎవరి నోటో విన్న ఆడపిల్ల రిజిస్ట్రేషను జరగకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ గడప తొక్కవచ్చు.